డబ్బాల వడ్డది

రోజుకో భయం లేకపోతే భాగ్యవ్వకు తిన్నది అరగదని పక్కింటి చాంద్ బీ వేళాకోళం చేసేది. అందులో అబద్ధం లేదు. మస్కట్‌లో ఉన్న మొగుడు ధర్మయ్య ఉత్తరం వారం ఆలస్యమైతే మనిషి పరంజా మీద నుంచి పడ్డాడనే అనుకునేది. తీరా వచ్చిన ఉత్తరం దళసరిగా ఉంటే, లోపల ఏదో చెడ్డ కబురు ఉండబట్టే అంత పొడుగు రాశాడని వణికేది. ఇక కూతురు నీల విషయంలో ఆమె పడని భయం లేదు. బావి, బర్రె, బస్సు, కుక్క, తాగుబోతు, పిడుగు, అన్నీ ఆర్మూరులో నీల ఒక్కదాని కోసమే కాచుకొని కూర్చున్నట్టు ఉండేది ఆమెకు.

నీలకు పదహారు నడుస్తోంది. ఒళ్ళు ఎదిగింది గానీ బుద్ధి అయిదారేళ్ళ దగ్గరే ఆగిపోయిందని దవాఖానలో డాక్టరు చెప్పాడు. వాడకట్టు జనం అంత వివరంగా చెప్పేవారు కాదు, ఒక్క మాటలో తేల్చేసేవారు. నీల నోట రెండు మాటలు కలిసి రావడమే కష్టం. అయితే ఆమె చేతులకు మాత్రం ఒక పట్టుదల ఉండేది. కలిసి ఉన్నవాటిని విడదీయాలి. బియ్యంలో మెరికలు, చింతగింజల్లో పగిలినవి, ఆకుల్లో చిరిగినవి. విడదీసినదాన్ని ఎవరైనా కలిపితే ఓర్చుకోలేకపోయేది.

భాగ్యవ్వ, చాంద్ బీ ఒకే అరుగు మీద కూర్చొని పదిహేనేళ్ళుగా బీడీలు చేస్తున్నారు. తంబాకు తక్కువ పడ్డ సన్న బీడీలను కట్ట నడుమ దాచడం ఆ వాడలో అందరూ చేసే పనే. చుట్టూ దిట్టమైనవి పేర్చితే కార్ఖానా చెకర్ కట్టను ఒకసారి తిప్పి చూసి ఊరుకుంటాడు. నీల దగ్గర ఆ ఆట సాగేది కాదు. కట్ట నడుమ వేలు పెట్టి, సన్న బీడీని లాగి పక్కన పెట్టేది.

"ఓ నీలమ్మా, నువ్వు చెకర్‌వైతే మేమందరం అడుక్కతినాలె గదనే!" అంటూ చాంద్ బీ దాన్ని మళ్ళీ కట్టలో దోపేది. నీల మళ్ళీ తీసేది. చాంద్ బీ మళ్ళీ దోపేది. ఇద్దరిలో ముందు నవ్వేది ఎప్పుడూ చాంద్ బీయే.

చాంద్ బీ కొడుకు నసీర్ కూడా నీల లాంటివాడే. తొంభై మూడులో పెర్కిట్ రోడ్డు మీద ఒక అద్దె ఇంట్లో ఇలాంటి పిల్లల కోసం బడి పెట్టారని తెలిసి ఆమె అందరికంటే ముందు కొడుకును చేర్చింది. తరువాత భాగ్యవ్వ వెంట పడింది.

"అంత దూరం ఎట్ల పంపుదు? లారీ కింద వడితె?"

"లారీ డ్రైవర్లకు కండ్లుండయా?"

"ఎవడన్న చెయ్యి వట్టుకొని తీస్కపోతె?"

"నీ బిడ్డను ఎవడు తీస్కపోతడే భాగ్యా? తీస్కపోయినోనింట్ల బియ్యమన్నీ చాటల వోసి కూసుంటది. తెల్లారేసరికి వాడే తెచ్చి అప్పజెప్తడు."

చివరికి పంపింది. పంపింది అనడం కంటే తానే వెంట పోయింది అనాలి. నెల రోజులు బడి గడప బయట చాట ముందేసుకొని బీడీలు చేస్తూ కూర్చుంది. లోపల తార టీచర్ పిల్లలకు నేర్పే పనులు చూస్తే మొదట ఆమెకు నవ్వొచ్చింది. పేరు, వాడ పేరు, అవ్వ పేరు చెప్పడం. ఇంటికొచ్చినవాళ్ళకు నమస్తే పెట్టి మంచినీళ్ళివ్వడం. వరుసలో ఆగడం. ఎవరైనా ఒంటి మీద చెయ్యి వేస్తే "వద్దు" అని గట్టిగా అరవడం. నెలసరి గుడ్డ మార్చుకోవడం. ఇవి కూడా ఒక చదువేనా అనుకుంది. తర్వాత ఒకనాడు నీల తన గుడ్డలు తానే ఉతికి, ఎవరికీ కనబడని మూలన ఆరేసుకొని రావడం చూసింది. ఆనాటి నుంచి నవ్వలేదు.

తార టీచర్‌ది నిజామాబాద్. ముప్పై నిండని మనిషి, సన్నగా, ఎప్పుడూ నలిగిన నేత చీరలో ఉండేది.

"భాగ్యక్కా, రేపటి నుంచి మీరు రావద్దు," అంది ఒకరోజు.

"నేను లేకుంటె పోరికేమన్నైతే?"

"మీరు కూర్చుంటే ఆమె మీ మొఖమే చూస్తుంది. నా చేతులు చూడదు. నా మీద నమ్మకం లేదా?"

భాగ్యవ్వ ఇంతవరకు ఎవరినీ నమ్మి ఎరగదు. అయినా ఆ మాటకు తల ఊపింది. మరునాడు చింతచెట్టు చాటున నిలబడి చూసింది గానీ బడి గడప దగ్గరికి మాత్రం పోలేదు.

నీల చెవి సంగతి బయటపెట్టింది తార టీచరే. బాగా ఎండిన పసుపు కొమ్మును బండ మీద వేస్తే గల్లుమంటుంది. లోపల తేమ ఉన్నది ధబ్బుమని చప్పగా పడుతుంది. మార్కెట్‌లో ముదురు వ్యాపారులు కొమ్మును విరిచి చూసి గానీ చెప్పలేని తేడాను నీల చెవి ఇట్టే పట్టేసేది. టీచరు ఒక నాపరాయి, ఒక గంప, ఒక ఖాళీ పాలపొడి డబ్బా తెచ్చింది. మోగింది గంపలోకి, మోగనిది డబ్బాలోకి. పిల్లలు పొద్దుపోక డబ్బాలోవి తీసి గంపలో పోసేవారు. అందుకని టీచరు వాళ్ళ యాసలోనే ఒక మాట కట్టి, ఏడాది పొడుగునా రోజూ చెప్పించింది.

"డబ్బాల వడ్డది గంపలకు రావద్దు."

ఒక సాయంత్రం భాగ్యవ్వ బియ్యం ఏరి, తీసిన మెరికలను పొరపాటున మళ్ళీ బియ్యంలోనే కలిపి కడగబోయింది. నీల ఆమె చెయ్యి పట్టుకొని, "అవ్వా, డబ్బాల వడ్డది గంపలకు రావద్దు," అంది. పదిహేడో ఏట నీల పలికిన మొదటి నిండు వాక్యం అది. భాగ్యవ్వ చాట కింద పెట్టి గోడకు ఆనుకొని ఏడ్చింది.

ఆ ఏడుపు వేడిలోనే మరునాడు టీచరు దగ్గరికి పోయి, ఎవరికీ చెప్పని మాట చెప్పేసింది. నీలకు తొమ్మిదేళ్ళప్పుడు వరుసగా పేర్చుకున్న చింతగింజలను మరిది హన్మండ్లు కాలితో చెదరగొట్టాడు. నీల అతని చెయ్యి కరిచింది. పిచ్చి ముదిరిందని అతను ఊరంతా చెప్తాడన్న భయంతో భాగ్యవ్వ పాత చీరతో పిల్లను మంచం కోడుకు కట్టేసింది. రెండు రోజులు.

"వాళ్ల నాయనకు గుడ తెల్వదు టీచరమ్మా. కన్నతల్లిని, కట్టేసిన. ఎవ్వలికి జెప్పకు."

టీచరు ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నా కడుపులోనే ఉంటది అక్కా," అంది.

తొంభై అయిదు, మాఘమాసం. మార్కెట్‌కు కొత్త పసుపు దిగడం మొదలైంది. తార టీచర్ గంగాదాస్ సేటు గోదాము చుట్టూ నెల రోజులు తిరిగి, ఆరుగురు పిల్లలకు పసుపు ఏరే పని సంపాదించింది. అందులో నసీర్ ఒకడు, నీల ఒకతె. బడి పిల్లలకు పని ఇచ్చిన మొదటి గోదాము అది. అక్కడ నిలదొక్కుకుంటే మిగతా సేట్లు కూడా ఇస్తారని టీచరు ఆశ.

నాలుగు రోజులు భాగ్యవ్వ కూతురి వెనకాల దాక్కుంటూ మార్కెట్ యార్డు దాకా పోయింది. నీల రోడ్డు పక్కన ఆగి, కుడికీ ఎడమకూ చూసి, మళ్ళీ కుడికి చూసి, అప్పుడు దాటేది. అయిదో రోజు భాగ్యవ్వ పోలేదు. రోజూ సాయంత్రం నీల ఒంటి నిండా పసుపుతో ఇంటికొచ్చి, చెప్పులు మూలన విడిచి, "పని అయింది అవ్వా," అనేది. ఆ రెండు నెలలూ భాగ్యవ్వకు భయాలు తగ్గాయి. తగ్గినందుకు కూడా కొంచెం భయపడింది.

చైత్రంలో ఒకనాడు పొద్దు నడినెత్తి మీద ఉండగా హమాలీ లచ్చన్న నీలను వెంటబెట్టుకొని వచ్చాడు. ఆలూర్ మనిషి, గోదాములో బస్తాలు మోస్తాడు. నీల చేతిలో పాలపొడి డబ్బా ఉంది.

"ఏమైంది? దెబ్బ తాకిందా? ఎవడన్న ఏమన్న జేసిండా?" భాగ్యవ్వ కూతురి ఒళ్ళంతా తడిమింది.

"ఏం గాలె వదినె. జర నీళ్లియ్యి, జెప్త." లచ్చన్న గడప లోపలికి వచ్చి గొంతు తగ్గించాడు. "నా పేరు బయటికి రావద్దు. సాంగ్లి నుంచి మాలు కొనే పార్టీ వస్తున్నదని పొద్దుగాల సేటు మాతోటి ఒక పని జేయిచ్చిండు. పిల్లలు ఏరి తీసిన తడి మాలు ఉంటది గదా, గది బస్తాల నడుమ పోయిచ్చిండు. మీద, కింద మంచి కొమ్ము. నీల సూసింది."

"అయితె?"

"అయితె ఏముంది! పార్టీ పెద్దాయన వచ్చి మీది కొమ్ము ఇర్షి సూస్తున్నడు. గీమె వోయి బస్తా వంచింది. నడిమిట్లయి తీసి ఒక్కొక్కటి బండ మీదేసింది. ధబ్బు, ధబ్బు. మల్ల డబ్బాల ఏసుకున్నది. పెద్దాయన కడుపు వట్టుకొని నవ్విండు. సేటూ, మాలు నాకొద్దు గని గీ పోరిని నాతోటి పంపుమన్నడు. సేటు మొఖం సూడాలె, నల్లబడ్డది."

"కొట్టిండా?"

"రెక్క వట్టి అవతలికి గుంజిండు. నీల ఎవ్వల్నేమనలె. డబ్బా ఎత్తుకొని ఒచ్చింది, గంతే."

లచ్చన్న పోయాక భాగ్యవ్వ చాలాసేపు కూతుర్ని చూస్తూ కూర్చుంది. ఇంతకాలం ఏ కుక్క కరుస్తుందో, ఏ లారీ గుద్దుతుందో అని వణికిన ఆమెకు ఆరోజు చిత్రంగా వణుకు రాలేదు. నీల తప్పు చేయలేదు. నేర్పినదే చేసింది. నేర్పిన మనిషి ఊళ్ళోనే ఉంది. టీచరమ్మ వస్తుంది, సేటుతో మాట్లాడుతుంది, పిల్లను మళ్ళీ పనికి తీసుకుపోతుంది. జీవితంలో మొదటిసారి ఆమె చెడు కాక మంచి జరుగుతుందని ఎదురుచూసింది.

నీల కూడా ఎదురుచూసింది. రోజూ పొద్దున్నే అన్నం తిని, చెప్పులు తొడుక్కొని, డబ్బా పట్టుకొని గడపలో నిలబడేది.

మూడో రోజు టీచరు వచ్చింది. నీల మొహం వెలిగిపోయింది. నమస్తే పెట్టింది. చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చి, పక్కన నిలబడి చెప్పుల్లో కాళ్ళు కదిలించింది, పోదామా అన్నట్టు. టీచరు చెంబు అందుకుంది గానీ పిల్ల కళ్ళలోకి చూడలేదు. అరుగు మీద చాంద్ బీ ఆకు కత్తిరిస్తోంది. ఎప్పుడూ నోరు మూతపడని మనిషి తల ఎత్తలేదు.

"అక్కా, ఒక సంతకం కావాలి," అంటూ టీచరు సంచిలోంచి కాగితం తీసింది. "సేటు ఆరుగుర్నీ తీసేస్తానంటున్నాడు. ఈ కాగితం ఇస్తే మిగిలిన అయిదుగుర్ని ఉంచుతాడు. మీరు చదవక్కర్లేదు, నేను చెప్తాను..."

"అయిదు దాక సదివిన టీచరమ్మా. ఇటియ్యి."

భాగ్యవ్వ కాగితాన్ని వెలుతురుకు పట్టి, వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివింది. 'నా కుమార్తె నీల అప్పుడప్పుడు మతి తప్పి ప్రవర్తించును. గతంలో ఒకరిని కరిచినందున రెండు దినములు మంచమునకు కట్టి ఉంచితిని. అట్టి స్థితిలోనే, ఏరి తీసిన తడి పసుపును బస్తాలలో తానే కలిపినది. ఇందులో సేటు గారి తప్పు ఏమియు లేదు.'

రెండో వాక్యం దగ్గర వేలు ఆగింది. వాడకట్టులో ఎవరూ ఎరగని మాట, మొగుడికి కూడా చెప్పని మాట, గుండ్రటి అక్షరాల్లో, నీలి సిరాలో కాగితం మీద ఉంది.

"గిది నీ కడుపుల ఉంటదంటివి."

"అక్కా, కారణం గట్టిగా లేకపోతే పార్టీ నమ్మడట. సేటు అదే అన్నాడు. నాకు వేరే దారి కనపడలేదు." టీచరు చెంబు కింద పెట్టింది. "అయిదుగురు పిల్లలు అక్కా. ఈ ఒక్క గోదాము మూతపడితే ఈ ఊళ్ళో ఇంకెవరూ ఇవ్వరు. నీలను నేను మళ్ళీ..."

"నా బిడ్డ కలిపిందా?"

టీచరు కాగితం కోసం చెయ్యి చాచింది.

"నాకు జెప్పకు. దానికి జెప్పు. నువ్వే గదా నేర్పిచ్చింది, నువ్వే సదివి ఇనిపియ్యి. అది అవునంటె నేను పెడ్త సంతకం."

టీచరు కాగితం తీసుకుంది. నీల శ్రద్ధగా, బడిలో పాఠం వినేటప్పుడు నిలబడినట్టే చేతులు కట్టుకొని నిలబడింది. "...తడి పసుపును బస్తాలలో తానే..." అని టీచరు చదువుతుండగా నీల తల అడ్డంగా ఊపింది. కోపం లేదు. టీచరు పాఠం మరిచిపోయిందనుకుంది. దగ్గరికి వచ్చి, ఏడాది పాటు టీచరు తనకు చెప్పినంత నెమ్మదిగా చెప్పింది.

"కాదు టీచర్. డబ్బాల వడ్డది గంపలకు రావద్దు."

టీచరు కాగితం మడిచి సంచిలో పెట్టుకొని లేచింది. చాంద్ బీ అప్పుడు నోరు విప్పింది, చేతిలో ఆకును చూస్తూనే. "పెట్టరాదె భాగ్యా. కాగితమే గదా. నీల ఎట్లైన నీ దగ్గరనే ఉంటది."

భాగ్యవ్వ ఆమె వంక చూసింది. అయిదుగురిలో నసీర్ ఒకడని ఆమెకు తెలియక కాదు. అయినా తల అడ్డంగానే ఊపింది.

మరునాడు లచ్చన్న ఆ దారిన పోతూ ఆగాడు. "పోనీతియ్యి వదినె, నువ్వన్నా ఏం జేస్తవు. పిల్లలు అయిదుగురు పనికొచ్చిండ్రు ఇయ్యాల. సేటు నీ కాగితం పార్టీకి సూపిచ్చిండు. మాలు గుడ అమ్ముడువోయింది."

"నా కాగితమా? నేను సంతకం పెట్టలె గద."

"సంతకం గాదు, ఏలిముద్ర. కింద నీ పేరు రాసి ఉన్నది, పక్కపొంటి ఏలిముద్ర ఉన్నది. నా కండ్లతోటి సూసిన."

లచ్చన్న వెళ్ళిపోయాడు. ప్రావిడెంట్ ఫండు కాగితాల మీద ఆ వాడ ఆడవాళ్ళలో సంతకం పెట్టేది భాగ్యవ్వ ఒక్కతే. కార్ఖానాలో ఆమె పేరు రాసి చూపిస్తుంటే మిగతావాళ్ళు చుట్టూ మూగి చూసేవారు. ఆ పేరు పక్కన ఇప్పుడు ఎవరిదో వేలు.

మెల్లగా అరుగు మీదికి వచ్చి చాట ముందేసుకుంది. చాంద్ బీ ఇవాళ కొంచెం అటు తిరిగి కూర్చుంది. బీడీ చుట్టే మనిషి ఎటు తిరిగినా చేతులు దాచలేదు. తంబాకు ఘాటుకు పగిలిపోయిన బొటనవేలు ఆకు మీద పొర్లుతోంది. ఆ పగుళ్ళలో నీలం. రుద్ది రుద్ది కడిగినట్టుంది, చర్మం మీద పోయింది గానీ పగుళ్ళలోది పోలేదు.

"చాంద్."

చాంద్ బీ వేలు ఆగింది.

"టీచరమ్మనే అడిగిందా, నువ్వే పోయినవా?"

చాంద్ బీ చేతిలో ఆకును చాటలో పెట్టింది. "టీచరమ్మనే సిరా పెట్టె తెచ్చింది. నేను కాదనలె." చాంద్ బీ కళ్ళెత్తింది. "మా నసీర్ పొద్దుగాల తానే అంగీ తొడుక్కున్నడు భాగ్యా. గుండీలు గుడ తానే వెట్టుకున్నడు. అమ్మీ, పనికి పోతున్న అన్నడు. పందొమ్మిదేండ్లకు. నా తావుల నువ్వుంటె ఏం జేస్తుంటివి?"

భాగ్యవ్వకు జవాబు తెలుసు. తెలుసు కాబట్టే చెప్పలేదు. ఆ తెలియడమే ఆమెకు అన్నిటికంటే నొప్పిగా ఉంది. టీచరు మీద కోపం తెచ్చుకోవచ్చు, సేటుకు శాపం పెట్టొచ్చు. పదిహేనేళ్ళుగా పక్కన కూర్చొని, తన భయాలన్నిటినీ నవ్వి ఎగరగొట్టిన మనిషిని ఏమనాలి? కుక్కలకు, లారీలకు, పిడుగులకు భయపడింది గానీ ఈ బొటనవేలికి భయపడాలని ఒక్కనాడు కూడా తోచలేదు.

గడపలో నిలబడి నిలబడి అలిసిపోయిన నీల చెప్పులతోనే వచ్చి ఇద్దరి నడుమ కూర్చుంది. డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. నీల చేయి చాచి, చాంద్ బీ ముందున్న చాటలోంచి కట్టిన కట్ట ఒకటి తీసి, నడుమ వేలు పెట్టి, సన్న బీడీ ఒకటి లాగింది. డబ్బాలో వేసింది. మరొకటి లాగింది, అదీ వేసింది.

ఏళ్ళ అలవాటు. చాంద్ బీ చెయ్యి తనంతట తానే డబ్బా వైపు వచ్చింది, తీసి మళ్ళీ కట్టలో దోపడానికి.

భాగ్యవ్వ అరచెయ్యి డబ్బా మూతి మీద పడింది. నీలి బొటనవేలు ఆమె మణికట్టుకు తగిలి ఆగింది. నీల తల్లి మొహంలోకి, చాంద్ బీ మొహంలోకి మార్చి మార్చి చూసింది. ఈ ఆటలో ఇప్పుడు ఎవరో ఒకరు నవ్వాలి. చాంద్ బీ నవ్వలేదు.

"డబ్బాల వడ్డది..." అని నీల మొదలుపెట్టి తల్లి వైపు చూసింది, మిగతాది నువ్వు చెప్పమన్నట్టు.

"గంపలకు రావద్దు బిడ్డా," అంది భాగ్యవ్వ.

ఒక చేత్తో డబ్బా, ఇంకో చేత్తో తన చాట పట్టుకొని లేచి, అరుగు దిగి, కూతుర్ని ముందు నడిపించుకుంటూ ఇంట్లోకి పోయింది. ఆ మధ్యాహ్నం నుంచి ఆమె లోపల చీకటి గదిలోనే బీడీలు చేసింది. కట్ట నడుమ దాచడానికి ఆమె దగ్గర సన్న బీడీలు లేవు. చుట్టినవాటిలో సన్నవన్నీ నీల ఏరి డబ్బాలో వేసింది.